రెండు ఆజ్ఞలు, ధర్మశాస్త్రమంతా: యూదు సంప్రదాయంలో ఈ సంగ్రహానికి అర్థం ఏమిటి?

#1 తెనాలి పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. ధర్మశాస్త్రంలో ఏ ఆజ్ఞ ముఖ్యమైనదన్న ప్రశ్నకు యేసు ఇచ్చిన జవాబు మన ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో చిన్నపిల్లలకు కూడా కంఠస్థమే. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమన్న ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయపు మాట, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న లేవీయకాండము 19వ అధ్యాయపు మాట, ఈ రెండూ కలిసినదే ఆ జవాబు. అయితే మూడు సువార్తలనూ పక్కపక్కన పెట్టుకొని చదివితే సన్నివేశం మూడు చోట్లా ఒకేలా లేదు. మార్కు 12లో శాస్త్రి సదుద్దేశంతో అడుగుతాడు, జవాబును మెచ్చుకుంటాడు, ఈ రెండూ సర్వాంగహోమాలకంటే బలులకంటే అధికమని తానే ఒక మాట చేరుస్తాడు. బలులు జరిగే దేవాలయంలోనే నిలబడి అతడు ఆ మాట అన్నాడు. మత్తయి 22లో అదే ప్రశ్న శోధించడానికి వేసినది. అక్కడ మెచ్చుకోలు లేదు, ధర్మశాస్త్రమంతటికీ ప్రవక్తలకూ ఈ రెండే ఆధారమన్న వాక్యం ఉంది. లూకా 10లోనైతే రెండు ఆజ్ఞలనూ కలిపి చెప్పేవాడు ప్రశ్న వేసిన ధర్మశాస్త్రోపదేశకుడే.

అందువల్ల రెండు విషయాలు అడగదలచుకున్నాను. ఈ రెండింటినీ జతచేయడం అప్పటికే యూదులలో ఉన్నదా? ఉంటే, ఇలా సంగ్రహించినప్పుడు మిగిలిన ఆజ్ఞలకు వారు ఏ స్థానం ఇచ్చేవారు? ‘వందల నియమాలను తీసివేసి రెండే మిగిల్చాడు’ అని ప్రసంగాలలో తరచుగా వింటాము. యూదు గ్రంథాల వైపు నుంచి చూస్తే ఆ మాట నిలుస్తుందా అన్నది నా సందేహం.

#2 సంఘ సేవకుడు

మంచి చర్చ ప్రారంభించారు. నా అభిప్రాయం మొదటే చెబుతాను. వేర్వేరు గ్రంథాలలో ఉన్న ఈ రెండు వచనాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి చూపి, ఒకటి మొదటిదనీ మరొకటి రెండవదనీ వరుస కట్టడం సువార్తల ప్రత్యేకతే. ఆ తరువాత పౌలు రోమా పత్రిక 13లోను, గలతీ పత్రిక 5లోను ధర్మశాస్త్రమంతా ఒక్క మాటలో నెరవేరుతుందని పొరుగువాని ఆజ్ఞను మాత్రమే చెప్పాడు. యాకోబు పత్రిక దానిని రాజాజ్ఞగా పేర్కొంది. తొలి సంఘం ఈ సంగ్రహాన్ని ఎంత గాఢంగా పట్టుకుందో దీనివల్ల తెలుస్తుంది. భావం పాతదే కావచ్చునని ఒప్పుకుంటాను. ఇంత స్పష్టమైన రూపం మాత్రం పాతది కాదు.

#3 ప్రాచీన సాక్ష్యం

సేవకుడు గారు చెప్పిన భేదం సరైనదే, అయితే ఆ ‘భావం’ ఎంత బలంగా ఉండేదో కూడా చూడాలి. యేసు కాలంలోనే అలెగ్జాండ్రియాలో జీవించిన యూదు తత్త్వవేత్త ఫిలో, విశ్రాంతిదినాన సమాజమందిరాలలో జరిగే బోధను వర్ణిస్తూ, అక్కడ నేర్పే అసంఖ్యాకమైన విషయాలన్నింటి మీద రెండు ప్రధాన శీర్షికలు ఉంటాయని రాశాడు. దేవుని విషయంలో భక్తి, పవిత్రత ఒకటి. మనుషుల విషయంలో దయ, న్యాయం మరొకటి. పది ఆజ్ఞలను వివరించేటప్పుడు కూడా ఒక్కొక్క పలక మీద ఐదేసి ఆజ్ఞలు ఉన్నాయనీ, మొదటి ఐదు దేవునికి, తరువాతి ఐదు మనుషులకు సంబంధించినవనీ, తల్లిదండ్రులను సన్మానించమన్న ఐదవ ఆజ్ఞ రెండింటి సరిహద్దులో నిలుస్తుందనీ చెప్పాడు. అక్కడే అతడు ఇంకొక మాట అంటాడు: కొందరు దైవభక్తిలో మునిగిపోయి మనుషులను పట్టించుకోరు, కొందరు మనుషుల మేలులోనే మునిగి దేవుణ్ణి తలచుకోరు, ఈ ఇద్దరూ సద్గుణంలో సగం దారి మాత్రమే నడిచినవారు, రెండు వైపులా మన్నన పొందినవారే సంపూర్ణులు. ఈ వాక్యాన్ని చదివిన ప్రతిసారీ, లూకాలోని ధర్మశాస్త్రోపదేశకుడు తన జవాబును తడుముకోకుండా చెప్పగలగడంలో ఆశ్చర్యం లేదని నాకు అనిపిస్తుంది.

పన్నెండుమంది గోత్రకర్తల మరణశాసనాల పేరుతో ఉన్న గ్రంథంలో కూడా ప్రభువును ప్రేమించండి, ఒకరినొకరు ప్రేమించండి అన్న ఉపదేశం ఇశ్శాఖారు నోట, దాను నోట వస్తుంది. కానీ ఆ గ్రంథం క్రైస్తవుల చేతుల మీదుగా మనకు అందినది, అందులో ఎంత భాగం పూర్వపు యూదు రచన అన్నది పండితుల మధ్య తేలని వివాదం. కాబట్టి దానిని సాక్ష్యంగా నేను నిలబెట్టను. ఫిలో ఒక్కడే చాలు.

#4 డాలస్ తెలుగు

నేను ఉంటున్న ఊరిలో ఒక యూదు సమాజమందిరం ఇతర మతస్థులకు కూడా నడిపే పఠన తరగతికి వెళుతూ ఉంటాను. తెనాలి పాఠకుడు గారి రెండవ ప్రశ్న అక్కడ పలుమార్లు చర్చకు వచ్చింది కనుక తెలిసినంతవరకు రాస్తున్నాను.

రబ్బీల, అంటే యూదు ధర్మబోధకుల, చర్చల సంకలనమైన బబులోను తాల్ముదులో, షబ్బాత్ అనే భాగంలో, అందరికీ తెలిసిన ఒక కథ ఉంది. యూదుడు కాని ఒక అన్యుడు షమ్మాయి అనే బోధకుని దగ్గరకు వచ్చి, తాను ఒంటికాలి మీద నిలిచి ఉన్నంత సేపట్లో తోరా, అంటే ధర్మశాస్త్రం, అంతా నేర్పితే యూదుడనవుతానన్నాడు. షమ్మాయి చేతిలో ఉన్న కొలబద్దతో అతణ్ణి తరిమివేశాడు. అతడు హిల్లేలు అనే మరో బోధకుని దగ్గరకు వెళ్ళాడు. ‘నీకు ఏది అసహ్యమో దానిని నీ తోటివానికి చేయకు. తోరా అంతా ఇదే, మిగిలినది దీని వ్యాఖ్యానం. వెళ్ళి నేర్చుకో’ అన్నాడు హిల్లేలు. చాలామంది ఈ జవాబును మొదటి రెండు వాక్యాల దగ్గర ఆపివేస్తారు. కానీ కథలోని బరువంతా చివరి మాటలోనే ఉంది. వచ్చినవాడు ఒంటికాలి మీద నిలిచినంత సేపట్లో పని ముగించుకుందామని వచ్చాడు. హిల్లేలు అతనికి ఆ కొద్ది సేపట్లో ఇచ్చినది జీవితకాలపు చదువుకు ప్రవేశం.

అదే తాల్ముదులో మక్కోత్ భాగం చివర మరొక ప్రసిద్ధమైన చర్చ ఉంది. 3వ శతాబ్దానికి చెందిన రబ్బీ సిమ్లాయి, మోషేకు 613 ఆజ్ఞలు ఇవ్వబడ్డాయని బోధించాడు: సంవత్సరంలోని రోజుల లెక్కన 365 నిషేధాలు, మనిషి శరీరంలోని అవయవాల లెక్కన 248 విధులు. తరువాత దావీదు వచ్చి వాటిని 11కు కుదించాడట, అది 15వ కీర్తన. యెషయా 6కు, మీకా 3కు, మళ్ళీ యెషయా 2కు కుదించారు. చివరకు ఆమోసు మాటల్లో ఒక్కటి, కాదు హబక్కూకు మాటల్లో ఒక్కటి అన్న భిన్నాభిప్రాయంతో అది ముగుస్తుంది. మీకా చెప్పిన మూడింటిలో న్యాయంగా నడచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం మనుషుల వైపువి, దీనమనస్సుతో దేవునితో నడవడం దేవుని వైపుది. రెండు ప్రేమల జత అక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

గమనించవలసినది ఏమిటంటే, ఇలా కుదించినవారే ఆ 613లో ప్రతి ఒక్కదాని వివరాలనూ వాదించి, పరిష్కరించి, వేల పుటలుగా మనకు అందించారు. ఒక్కటికి కుదించామని మిగిలిన 612 విడిచిపెట్టిన రబ్బీ ఒక్కరూ అందులో లేరు. మరొక సంగతి: 613 అన్న సంఖ్య రబ్బీ సిమ్లాయి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది కనుక, యేసు నాటి శాస్త్రులు ఆ లెక్కను ముందు పెట్టుకొని ప్రశ్న వేశారని ఊహించుకోవడానికి ఆధారం లేదు.

#5 శారద (విశాఖపట్నం)

హిల్లేలు మాట చదవగానే మన తెలుగువారికి తిక్కన సోమయాజి ‘ఒరులేయవి యొనరించిన’ పద్యం గుర్తుకు రాక మానదు. ఇతరులు ఏవి చేస్తే తన మనస్సుకు అప్రియమో వాటిని తాను ఇతరులకు చేయకపోవడమే పరమధర్మాలన్నింటికీ పరాయణమని అందులో ఉన్నది. పోలిక అంతవరకే, ఆ దారిలో చర్చను తీసుకుపోవడం నా ఉద్దేశం కాదు.

నా సందేహం వేరే. పొరుగువాని ప్రేమకు కొలత ‘నిన్నువలె’ అయినప్పుడు, తనను తానే గౌరవించుకోనివాడి సంగతి ఏమిటి? అవమానాలకు అలవాటుపడి, తనకు ఏదీ అసహ్యంగా తోచని మనిషి ఇతరులను అవమానించవచ్చునా? నేను పనిచేసిన పాఠశాలలో ఇటువంటి పిల్లలను చూశాను. ఇంట్లో దెబ్బలు తిని పెరిగినవాడు తోటి పిల్లవాణ్ణి కొట్టి, ‘నన్నూ కొడతారు కదా’ అంటాడు. అతని దృష్టిలో అది తప్పు కాదు.

#6 డాలస్ తెలుగు

శారద గారూ, సరిగ్గా ఈ సందేహమే రబ్బీల కాలంలో వచ్చింది. 2వ శతాబ్దపు ఆరంభంలో రబ్బీ అకీవా, ‘నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు’ అన్నది తోరాలో మహాసూత్రమని చెప్పాడు. అతని సమకాలికుడు బెన్ అజ్జాయి అంతకంటే గొప్ప సూత్రం ఉందని ఆదికాండము 5వ అధ్యాయపు మొదటి వచనాన్ని చూపించాడు. ఆదాము వంశావళి గ్రంథమిది, దేవుడు మనిషిని తన పోలికగా చేశాడన్న వచనం అది. అందులో ఆజ్ఞే లేదు, వంశావళికి శీర్షిక మాత్రమే. అయినా దానినే ఎందుకు ఎంచుకున్నాడన్నదానికి ఆదికాండపు ప్రాచీన వ్యాఖ్యానం కారణం చూపుతుంది: నేను అవమానం పొందాను కనుక నా పొరుగువాడూ నాతోపాటు అవమానం పొందనీ అని నీవు అనకూడదు. దానికి రబ్బీ తన్హూమా, ‘అలా చేస్తే నీవు ఎవరిని అవమానిస్తున్నావో తెలుసుకో, దేవుని పోలికగా చేయబడినవానిని’ అని చేర్చాడు.

మీరు చెప్పిన పిల్లవానికి బెన్ అజ్జాయి జవాబు ఇదే. పొరుగువాని విలువ నా అనుభవం మీద ఆధారపడదు, అతణ్ణి చేసినవాని మీద ఆధారపడుతుంది. దేవుని ప్రేమ, మనిషి ప్రేమ అన్న రెండు ఆజ్ఞలూ ఒకదాన్నొకటి పట్టుకొని నిలిచే చోటు ఇదేనని నా నమ్మకం.

#7 న్యాయవాది

ఇంతవరకు సంగ్రహించిన వారి గురించి మాట్లాడుకున్నాము. సంగ్రహానికి భయపడిన వారి మాట కూడా వినాలి, లేకపోతే చిత్రం అసంపూర్ణంగా ఉంటుంది.

యెరూషలేము దేవాలయంలో యాజకులు ప్రతి ఉదయమూ పది ఆజ్ఞలను, ఆ వెంటనే ‘ఇశ్రాయేలూ వినుము’ అనే షెమాను పఠించేవారని, తాల్ముదుకు మూలమైన మిష్నా అనే ధర్మసంకలనంలోని తామీద్ భాగం చెబుతుంది. ఈజిప్టులో దొరికి, 1903లో ప్రచురితమైన నాష్ పపైరస్ అనే చిన్న ప్రతిలో కూడా పది ఆజ్ఞల వెంబడే షెమా ఉంది. దానిని సాధారణంగా క్రీ.పూ. 2వ శతాబ్దానిదిగా భావిస్తారు. అంటే ఈ జత నిత్యప్రార్థనలో నిలిచిన జత. మరి ఈనాటి యూదుల నిత్యప్రార్థనలో షెమా ఉంది గాని దానితో కలిపి పది ఆజ్ఞలు చదవరు, ఎందుకని? దేవాలయం వెలుపల కూడా అలా పఠించాలని కొందరు కోరినా, భేదవాదుల వాదం కారణంగా దానిని అప్పటికే ఆపివేశారని తాల్ముదు చెబుతుంది. సీనాయి మీద ఇవ్వబడినవి ఇవి మాత్రమే, మిగిలినవి కావు అని వారు అనకూడదన్నదే ఆ నిర్ణయానికి కారణం. ఒక సంగ్రహం మిగిలినదాన్ని మింగివేసే ప్రమాదం కనిపించినప్పుడు, అది పది ఆజ్ఞలంతటిదైనా సరే, నిత్యపఠనం నుంచి తప్పించడానికి వారు వెనుకాడలేదు.

‘తేలికైన ఆజ్ఞ విషయంలోనూ బరువైన దాని విషయంలో ఉన్నంత జాగ్రత్తగా ఉండు, ఏ ఆజ్ఞకు ఏ ప్రతిఫలమో నీకు తెలియదు’ అన్న మిష్నా వాక్యం కూడా ఈ ఆలోచన నుంచి వచ్చినదే.

అయినా సూత్రానికి ప్రయోజనం లేదని ఎవరూ అనలేదు. నా వృత్తిలో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, రెండు నియమాలు ఎదురెదురుగా నిలిచినప్పుడే సూత్రం అవసరం తెలుస్తుంది. ప్రాణాపాయంలో ఉన్నవాని కోసం విశ్రాంతిదినాన్ని మీరవచ్చునని రబ్బీలు తీర్పు చెప్పారు. దానికి చూపిన ఆధారాలలో ఒకటి, ఆజ్ఞలు మనిషి వాటివల్ల బ్రదకడానికి ఇవ్వబడ్డాయి గాని చనిపోవడానికి కాదు అన్నది. మార్కులోని శాస్త్రి బలులకంటే ఈ రెండు ఆజ్ఞలు అధికమనడాన్ని కూడా నేను ఇలాగే చదువుతాను. బలులు అక్కరలేదని అతడు అనలేదు. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే ఏది ముందో చెప్పాడు.

#8 తెనాలి పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. న్యాయవాది గారి మాట చదివిన తరువాత లేవీయకాండము 19వ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి వరకు మళ్ళీ చదివాను. పొరుగువాని ఆజ్ఞను దాని చోటు నుంచి ఊడదీసి గోడ మీద రాసుకోవడం వల్ల మనకు ఎంత నష్టం జరిగిందో అప్పుడు స్పష్టమైంది.

పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. దొంగతనం, అబద్ధం కూడదు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాని ఎదుట అడ్డం వేయకూడదు. తీర్పులో గొప్పవాని ముఖం చూడకూడదు, బీదవాడని పక్షపాతమూ చూపకూడదు. కొండెములు చెప్పుతూ తిరగకూడదు. సహోదరుణ్ణి మనస్సులో ద్వేషించకుండా, తప్పు కనిపిస్తే ఎదుట చెప్పి గద్దించాలి. పగ తీర్చుకోకూడదు, కోపం ఉంచుకోకూడదు. ఈ వరుస చివర, పగ మానమన్న వాక్యంలోనే, ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న మాట వస్తుంది. చెవిటివానికి తిట్టు వినబడదు, గుడ్డివానికి అడ్డం పెట్టినవాడు ఎవరో తెలియదు, కూలివాడు ఆ రాత్రి గట్టిగా అడగలేడు. ఎదుటివాడు పట్టుకోలేని చోటనే ఈ అధ్యాయం మనల్ని పట్టుకుంటుంది. అందుకే కాబోలు, ప్రతి కొద్ది వాక్యాలకూ ‘నేను యెహోవాను’ అన్న మాట తిరిగి తిరిగి వస్తుంది. పొరుగువాని ఆజ్ఞ చివర కూడా ఆ మాటే ఉంది. దేవుడు, పొరుగువాడు అన్న జత కోసం రెండు గ్రంథాలు వెతకనక్కరలేదు, ఆ ఒక్క వచనంలోనే రెండూ ఉన్నాయి.

మరొక విషయం. మరుసటి వచనంలోనే వేర్వేరు జాతుల పశువులను కలపవద్దని, పొలంలో రెండు రకాల విత్తనాలు చల్లవద్దని, రెండు రకాల దారంతో నేసిన బట్ట వేసుకోవద్దని ఉంది. మనం ‘నైతికం’, ‘ఆచారం’ అని విడదీసుకునే గీత ఆ గ్రంథంలో లేదు.

#9 డాలస్ తెలుగు

పాఠకుడు గారి పోస్టుకు చిన్న అనుబంధం. పగకూ కోపం ఉంచుకోవడానికీ భేదం ఏమిటని రబ్బీలు అడిగి, ఉదాహరణతో చెప్పారు. ‘నీ కొడవలి ఇవ్వు’ అని అడిగితే పొరుగువాడు ఇవ్వలేదు. మరునాడు అతడే వచ్చి నీ గొడ్డలి అడిగాడు. ‘నీవు కొడవలి ఇవ్వలేదు కనుక నేనూ ఇవ్వను’ అంటే అది పగ. ‘ఇదిగో తీసుకో, నేను నీలాంటివాణ్ణి కాను’ అంటే అది కోపం ఉంచుకోవడం. గొడ్డలి ఇచ్చినా ఆజ్ఞ మీరినట్టే. ప్రేమించమన్న మాట అంత చిన్న విషయం దాకా దిగిందంటే, దానిని దింపినది ఆ ‘వ్యాఖ్యానమే’.

#10 సంఘ సేవకుడు

ఇవన్నీ అంగీకరిస్తూనే ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ వచనంలో ‘నీ ప్రజలమీద’ కోపముంచుకోవద్దని ఉంది. అంటే పొరుగువాడు తోటి ఇశ్రాయేలీయుడే. లూకాలో ‘నా పొరుగువాడెవడు’ అన్న ప్రశ్న రావడానికి కారణం అదే. యెరికో దారిలో దొంగలు కొట్టి పడవేసిన మనిషిని, పరాయివాడిగా చూడబడే సమరయుడు ఆదుకున్న మంచి సమరయుని కథతో ఆ హద్దును చెరిపివేసిన ఘనతను యేసుకు ఇవ్వకుండా ఎలా ఉండగలము? యాజకుడూ లేవీయుడూ ధర్మశాస్త్రానికి కట్టుబడి, శవమేమో అంటుకుంటే మైల అని దాటిపోయారు. ధర్మశాస్త్రం లేని ప్రేమ గెలిచింది.

#11 న్యాయవాది

సేవకుడు గారి మీద గౌరవంతోనే రెండు భాగాలుగా జవాబు ఇస్తాను.

హద్దు విషయంలో మీ పఠనం 18వ వచనానికి సరిపోతుంది. కానీ అదే అధ్యాయం 34వ వచనం, మీ మధ్య నివసించే పరదేశి మీలో పుట్టినవానివంటివాడనీ, మీరు ఐగుప్తులో పరదేశులై ఉన్నారు కనుక నిన్నువలె అతణ్ణి ప్రేమించమనీ అదే మాటలతో ఆజ్ఞాపిస్తుంది. తరువాతి రబ్బీలు ఆ పరదేశిని యూదు మతంలో చేరినవానిగా వ్యాఖ్యానించి పరిధిని కుదించిన మాట నిజమే, దానిని దాచవలసిన పని లేదు. అదే సమయంలో సమాధాన మార్గాల కోసం అన్యుల బీదలను ఇశ్రాయేలు బీదలతోపాటు పోషించాలనీ, వారి రోగులను పరామర్శించాలనీ కూడా వారే చెప్పారు. ఈ వివాదం తరువాతి కాలంలో న్యాయస్థానం దాకా వెళ్ళింది. అన్యులకు కీడు చేయడాన్ని తాల్ముదు అనుమతిస్తుందని జర్మనీలో ఒక ఉపాధ్యాయుడు ఆరోపించినప్పుడు, 1888లో మార్‌బుర్గ్ న్యాయస్థానానికి తత్త్వవేత్త హెర్మన్ కోహెన్ నిపుణునిగా అభిప్రాయం సమర్పించాడు. పరదేశిని ప్రేమించమన్న ఆజ్ఞే అతని వాదానికి పునాది.

ఇక యాజకుని సంగతి. యెరూషలేము నుంచి యెరికోకు దారి దాదాపు 1000 మీటర్లు దిగుతుంది. యాజకుడు ఆ త్రోవన ‘దిగి వెళ్ళుచుండెను’ అని లూకా రాశాడు. అంటే దేవాలయం వైపు వెళ్ళడం లేదు, దాని నుంచి తిరిగి వస్తున్నాడు. మైల అన్న కారణాన్ని కథ ఎక్కడా చెప్పలేదు. పైగా, దిక్కులేని శవం ఎదురైతే ప్రధానయాజకుడు కూడా మైలపడి దానిని పాతిపెట్టవలసిందేనని మిష్నాలోని నాజీర్ భాగం చెబుతుంది. బ్రతికి ఉన్నాడేమోనన్న సందేహం ఉంటే ప్రాణరక్షణ ముందు వస్తుంది. కాబట్టి ఆ ఇద్దరూ ధర్మశాస్త్రాన్ని పాటించి తప్పుచేయలేదు, ధర్మశాస్త్రాన్ని మీరి తప్పుచేశారు. కథ విన్న ధర్మశాస్త్రోపదేశకునికి ఇది తెలియకుండా ఉండదు. యాజకుడు, లేవీయుడు అన్న తరువాత వినేవారు ఇశ్రాయేలీయుడు వస్తాడని ఎదురుచూస్తారు. అక్కడ సమరయుణ్ణి నిలబెట్టడమే యేసు చేసిన పని, దాని బలాన్ని నేను ఏమాత్రం తగ్గించను. సమరయులకూ మోషే ఐదు కాండాలు పవిత్ర గ్రంథాలే. ధర్మశాస్త్రం లేని ప్రేమ గెలిచిందనడం కంటే, ధర్మశాస్త్రాన్ని నిజంగా చేసినవాడు అనుకోని చోటు నుంచి వచ్చాడనడం కథకు దగ్గరగా ఉంటుంది.

#12 శారద (విశాఖపట్నం)

చర్చ అంతా పొరుగువాని వైపే సాగింది. మొదటి ఆజ్ఞ మాటేమిటి? పరిగె విడిచిపెట్టమని ఆజ్ఞాపించవచ్చును, కూలి ఇమ్మని ఆజ్ఞాపించవచ్చును. ప్రేమించమని ఆజ్ఞాపించడం ఎలా కుదురుతుంది?

#13 ప్రాచీన సాక్ష్యం

దీనికి చరిత్ర వైపు నుంచి ఒక జవాబు ఉంది. అష్షూరు రాజు ఏసర్హద్దోను క్రీ.పూ. 672లో తన కుమారుడు అష్షూర్‌బనిపాలును వారసునిగా ప్రకటించి, సామంతులచేత ప్రమాణాలు చేయించాడు. ఆ ఒడంబడికలో, అష్షూర్‌బనిపాలును మిమ్మల్ని మీరు ప్రేమించుకున్నట్టు ప్రేమించాలన్న షరతు ఉంది. అక్కడ ప్రేమ అంటే విధేయత, పక్షం మారకపోవడం. ద్వితీయోపదేశకాండములోని దేవుని ప్రేమకు ఈ ఒడంబడికల భాష నేపథ్యమని విలియం మోరాన్ 1963లో చూపించిన తరువాత, చాలామంది పండితులు ఆ దిశలోనే చదువుతున్నారు. విధేయతను ఆజ్ఞాపించవచ్చును. ఒక మహాసామ్రాజ్యపు రాజు తన సామంతుల నుంచి కోరిన ప్రేమను, చిన్న ప్రజ ఒకటి దేవునికి తప్ప మరెవరికీ చెందనిదిగా ఎంచుకోవడం నాకు చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది.

#14 డాలస్ తెలుగు

రబ్బీలు కూడా దానిని భావావేశంగా వదిలివేయలేదు. మిష్నాలోని బెరాఖోత్ భాగం చివర, పూర్ణహృదయంతో అంటే మనిషిలోని మంచి ప్రేరణతో, చెడు ప్రేరణతో కూడా; పూర్ణాత్మతో అంటే ఆయన నీ ప్రాణాన్ని తీసుకున్నా సరే; పూర్ణశక్తితో అంటే నీ ధనమంతటితో అని వివరించారు. పొరుగువాని ఆజ్ఞను మహాసూత్రమన్న రబ్బీ అకీవాయే, రోమా అధికారులు ఇనుప దువ్వెనలతో శరీరాన్ని చీల్చుతుండగా షెమా పఠిస్తూ మరణించాడని తాల్ముదు చెబుతుంది. ‘పూర్ణాత్మతో అన్న మాటను నెరవేర్చే అవకాశం ఎప్పుడు వస్తుందా అని జీవితమంతా చింతించాను’ అని అతడు శిష్యులకు చెప్పాడట. ఈ రెండు ఆజ్ఞలూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో చూడాలంటే అకీవాను చూడాలి.

యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ అయితే 12వ శతాబ్దంలో శారద గారి ప్రశ్నకు మరో దారి చూపాడు. ఆయన సృష్టిని, ఆయన కార్యాలను మనిషి ఆలోచించినప్పుడు ప్రేమ తానే పుడుతుందని, కాబట్టి ఆ ఆలోచనలో నిలవడమే ఆజ్ఞలో మన వంతు అని అతని వివరణ.

#15 తెనాలి పాఠకుడు

షెమా ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మా ఊరికి ఎంతో దూరం లేని చేబ్రోలు దగ్గర, కొత్తరెడ్డిపాలెంలో, బెనే ఎఫ్రాయీము అని తమను పిలుచుకొనే చిన్న తెలుగు సమాజం యూదు ఆచారాలను పాటిస్తోంది. ఈ చర్చలోని వచనాలు మన నేల మీద ప్రార్థనగా కూడా ఉన్నాయని సభ్యులకు తెలియజేయడానికే ఇది రాశాను.

చివరిగా ఒక సందేహం మిగిలింది. ‘నిన్నువలె’ అంటే సమానంగా అనా? నా ప్రాణమూ పొరుగువాని ప్రాణమూ ఒకే తూకమా?

#16 న్యాయవాది

ఈ ప్రశ్నకు తాల్ముదులో, బావా మెత్సియా భాగంలో, ఒక కఠినమైన సందర్భం ఉంది. ఇద్దరు ఎడారిలో వెళుతున్నారు. ఒకని చేతిలో నీళ్ళు ఉన్నాయి. ఇద్దరూ తాగితే ఇద్దరూ చనిపోతారు, ఒకడే తాగితే ఊరు చేరతాడు. ఇద్దరూ తాగి చనిపోవడం మేలు, ఒకడు మరొకని చావు చూడకూడదని బెన్ పెతూరా బోధించాడు. రబ్బీ అకీవా వచ్చి, ‘నీ సహోదరుడు నీతో కూడ బ్రదకాలి’ అన్న వచనాన్ని చూపి, నీతో కూడ అన్నారు కనుక నీ ప్రాణం ముందు అని తీర్పు చెప్పాడు. పొరుగువాని ప్రేమను మహాసూత్రమన్నవాడే ఈ తీర్పు ఇచ్చాడు. 13వ శతాబ్దపు వ్యాఖ్యాత నహ్మానిడీస్ దీనిని ఎత్తి చూపుతూ, మనిషి హృదయం మరొకనిని అక్షరాలా తనంతగా ప్రేమించలేదనీ, ఆజ్ఞ కోరేది తనకు కోరుకున్న మేలునంతటినీ అసూయ లేకుండా, కొంత తక్కువైతే బాగుండునన్న లోపలి కోరిక కూడా లేకుండా పొరుగువానికి కోరుకోవడమనీ రాశాడు. బెన్ పెతూరా మాటలోని గొప్పతనం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది, కానీ ధర్మంగా అందరి మీద మోపదగినది అకీవా మాటే.

#17 డాలస్ తెలుగు

న్యాయవాది గారు చెప్పినదానితో పాటు, ఈ సంగ్రహం ఎలా పనిచేస్తుందో చూపే ఆధారం మైమోనిడీస్ స్మృతిలో, దుఃఖాచారాల అధ్యాయంలో ఉంది. రోగులను పరామర్శించడం, దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం, మృతులను సాగనంపడం, పెళ్ళికూతురికి కావలసినవి సమకూర్చడం, అతిథులను వెంట వెళ్ళి సాగనంపడం, వీటిని రబ్బీల విధులుగా పేర్కొని, అయినా ఇవన్నీ ‘నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు’ అన్న ఆజ్ఞలో చేరినవే అంటాడు. ఆజ్ఞల పట్టికలో పొరుగువాని ప్రేమకు అతడు ఇచ్చినది విధులలో 206వ స్థానం, దేవుని ప్రేమకు 3వది. పట్టికలో అది అనేకాలలో ఒకటి, ఆచరణలో కొత్త విధులను కంటూ పోయే ఆజ్ఞ.

వీటన్నింటిలో అతిథిని సాగనంపడానికి ప్రతిఫలం ఎక్కువని, సాగనంపనివాడు రక్తం చిందించినవానితో సమానమని కూడా అతడు రాశాడు. అంత కఠినమైన మాటకు మూలం ద్వితీయోపదేశకాండము 21లో ఉంది. హంతకుడెవరో తెలియని శవం పొలంలో దొరికితే, దగ్గరి ఊరి పెద్దలు ‘మా చేతులు ఈ రక్తమును చిందింపలేదు’ అని ప్రకటించాలి. పెద్దలను హంతకులని ఎవరైనా అనుకుంటారా అని మిష్నా అడిగి, ఆ ప్రకటనకు అర్థం చెబుతుంది: అతడు మా దగ్గరకు వస్తే మేము తిండి పెట్టకుండా పంపలేదు, చూసి కూడా తోడు లేకుండా విడిచిపెట్టలేదు. యెరికో దారిలో పడి ఉన్న మనిషి గురించి సేవకుడు గారు అడిగినదానికి, ధర్మశాస్త్రం వైపు నుంచి ఇంతకంటే నేరుగా చెప్పిన చోటు నాకు కనబడలేదు.